నీలం గొడుగు ఎవరిది?

వికారాబాద్‌లో నేను అద్దెకుండే ఇంట్లో పోయిన నెల గ్యాస్ సిలిండర్ చేయిజారి పడి వంటగది నేలలో ఒక బండ పగిలింది. ఇంటామె మంచిదే. వచ్చి చూసి, "ఫికర్ చెయ్యకు టీచరమ్మా, టైల్ ఏపిస్త, తెల్లగ మెరుస్తది" అంది. నాకు టైల్ అంటే సరిపడదు. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి, తడిస్తే జారతాయి. పైగా చుట్టూ నీలం బండలుండి మధ్యలో ఒక్క తెల్ల టైల్ ఉంటే కట్టుడు పన్నులాగా కనబడుతుంది. "వద్దండి, నేనే తాండూరు పోయి బండ తెచ్చుకుంటా" అన్నాను. ఒక్క బండ కోసం తాండూరు దాకానా అని ఆమె నోరు తెరిచింది. ఆమెకేం తెలుసు, మా నాయిన పోయాక ఇన్నేళ్ళలో తాండూరు పోవడానికి నాకు ఒక్క సాకూ దొరకలేదు. అక్కడ మేమున్నదీ అద్దె ఇల్లే. అమ్మ ముందే పోయింది. నాయిన పోయిన నెలకే ఆ ఇల్లు ఖాళీ చేశాను. రైలు దిగితే పోవడానికి గడప లేదు, పేరు పెట్టి పిలిచే మనిషి లేడు. అలాంటి ఊరికి పని లేకుండా ఎలా పోతాం? బండ పగలడం ఒకరకంగా మంచిదే అయిందనుకుని, దాని కొలతలు చీటీ మీద రాసుకుని, రెండో శనివారం నాడు పాసింజర్ బండి ఎక్కాను.

మా నాయిన బండల పాలిష్ యూనిట్‌లో మిషన్ నడిపేవాడు. తిరిగే చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని బండ మీద అటూ ఇటూ తోస్తూ ఉండాలి, పైనుంచి నీళ్ళు పడుతూ ఉండాలి. పక్కనే కటింగ్ మిషన్లు. ఆ రేకుల షెడ్డులో మనిషి మాట వినబడే ముచ్చటే లేదు. అందుకని అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళు. వేళ్ళు విదిలిస్తే నీళ్ళు వదలమని, పిడికిలి తిప్పితే చక్రం మార్చాలని, చూపుడువేలితో అరచేతిలో గీత గీస్తే బండలో పగులుందని. చాయ్ వచ్చిందని చెప్పడానికి ఒక సైగ, మేస్త్రీ వస్తున్నాడని చెప్పడానికి ఒక సైగ. ఆ మేస్త్రీ ఎలాంటివాడో చెప్పడానికీ ఒకటుందట గానీ, నాయిన అది మాత్రం నాకెప్పుడూ చూపించలేదు. నేను ఏడో తరగతికి వచ్చేసరికి ఆ మిషన్లు ఆయన చెవులను దాదాపు పూర్తిగా తినేశాయి. అమ్మ ఆ సంగతి ఎన్నడూ ఒప్పుకోలేదు. కందిపప్పు మిల్లు నుంచి రాగానే వాకిట్లోంచే కేకలు పెట్టేది, ఆయన పలకకపోతే కోపం చేసుకునేది. నేను మాత్రం ఎదురుగా పోయి నిలబడి, చేతులతో కొంత, పెదవులతో కొంత చెప్పేదాన్ని. ఇంట్లో నాయినకు చెవులంటే నేనే. ఆ సంగతి నాకు గర్వంగా ఉండేది, నిజం చెప్పాలంటే కొంచెం పొగరుగా కూడా ఉండేది.

ఆయన మొదటి షిఫ్టు ముగించుకుని నాలుగింటికల్లా ఇంటికొచ్చేవాడు. మోకాళ్ళదాకా ఎండిన రాతి బురద, కనుబొమ్మలు తెల్లగా. వాకిట్లో బండ మీద కూర్చుని మూడు బకెట్లు పోసుకుంటే పాలు ఒలికినట్టు తెల్లటి నీళ్ళు మోరీలోకి పోయేవి. తడి రాయికి ఒక వాసన ఉంటుంది. మొదటి వాన పడ్డప్పుడు మట్టికి వచ్చేది కాదు, దానికన్నా చల్లగా, కొంచెం చేదుగా ఉండేది. ఎన్ని సబ్బులు మార్చినా ఆ వాసన ఆయన్ను వదల్లేదు. స్నానమయ్యాక లోపలికొచ్చి గోడకానుకుని కింద కూర్చునేవాడు. ఆ నేల కూడా ఆయన పరిచిందే. మట్టి నేల మీద, యూనిట్‌లో పనికిరావని పక్కన పడేసిన ముక్కలు ఏరి తెచ్చి, నీలం, పసుపు, బూడిద రంగు, ఏది ఎక్కడ కుదిరితే అక్కడ అమర్చాడు. చూసినవాళ్ళు నవ్వేవాళ్ళు, ఇల్లుగలాయన మాత్రం తనకు ఊరికే నేల వచ్చిందని సంతోషించాడు. కూర్చునే ముందు నాయిన అరచేత్తో నేలను ఒకసారి తుడిచేవాడు. దుమ్మున్నా లేకపోయినా. మిషన్ దించే ముందు బండను అలా తడిమి చూడటం వాళ్ళకు అలవాటు, అది ఇంటిదాకా వచ్చింది. అమ్మ వచ్చి జొన్నరొట్టెలకు పిండి తీసేదాకా ఆ గంటన్నర మా ఇద్దరిది. ఆ గంటన్నరలో మేం జపాన్ బొమ్మలు చూసేవాళ్ళం.

అనిమే అనే మాట అప్పుడు మా గల్లీలో ఎవరికీ తెలియదు. కేబుల్ టీవీలో సాయంత్రం పూట హిందీలోకి మార్చి వేసేవాళ్ళు. కొట్టుకునేవే ఎక్కువ. జుట్టు నిలబడిన మొనగాళ్ళు గాల్లో ఎగిరి, ఒకరినొకరు కొట్టుకునే ముందు మూడు రోజులు మాట్లాడుకునేవాళ్ళు. నేను కళ్ళార్పకుండా చూసేదాన్ని. నాయిన నా పక్కన కూర్చుని, "గీల్లు కొట్టుకునేది తక్వ, ముచ్చట వెట్టేది ఎక్వ. మా మేస్త్రీ లెక్క" అనేవాడు. తెలుగు సినిమా అయితే ఆయన పెదవులు చూసి సగం కథ పట్టుకునేవాడు. ఈ బొమ్మల్లో అది కుదరదు. నోరు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, అంతే. మొదట్లో విసుక్కున్నాడు. తర్వాత నోళ్ళను చూడటమే మానేశాడు. మిగతావన్నీ చూడటం మొదలుపెట్టాడు. ఎవరు ఏ చేత్తో తలుపు తీశారు, గడ్డి ఎటు ఊగింది, మెట్లు ఏ రాయితో కట్టారు, అన్నీ. "గా మెట్లు మన బండ కాదు బిడ్డా, దానికి పొరలు లెవ్వు" అని చెప్పేవాడు. బొమ్మగీసిన బండకు పొరలేమిటి నాయినా అని నేను నవ్వేదాన్ని.

మా రుచి మారింది రైలు స్టేషన్ దగ్గరి ఇంటర్నెట్ సెంటర్ వల్ల. దాన్ని నడిపే చంద్రన్నకు ఏది దొరికితే అది దించి సీడీల్లోకి ఎక్కించే పిచ్చి. లోపలేముందో ఆయనకూ తెలియదు. పైన మార్కర్‌తో జపాన్ ఒకటి, జపాన్ రెండు అని రాసి ఇచ్చేవాడు. నేను అప్పుడు పదో తరగతి. ఎంచుకునే అవకాశం లేకపోవడం వల్లే అన్నీ చూశాను. ఒక సీడీలో ఇనుప మనుషులు నగరాలు తొక్కేవాళ్ళు. ఇంకోదాంట్లో స్కూలు పిల్లలు ఒక్క పరుగుపందెం కోసం ఏడాదంతా పరుగెత్తేవాళ్ళు. ఒకదాంట్లో దయ్యాలు మనుషులకన్నా మర్యాదగా ఉండేవి. ఒకదాంట్లో ఒక ముసలాయన ఇరవై నిమిషాలు అన్నం వండాడు, తిన్నాడు, గిన్నె కడిగాడు, అయిపోయింది. దాని తర్వాత నేను మోసపోయినట్టు కూర్చుంటే, నాయిన మాత్రం "మంచిగ కడిగిండు" అన్నాడు. మాటలు జపాన్‌వి, కింద ఇంగ్లిషులో అక్షరాలు పడేవి. నాకు వచ్చినకాడికి చదివి, అర్థం కాని చోట సొంతంగా అల్లి, నాయినకు చేతులతో చెప్పేదాన్ని. ఇంగ్లిషు టీచరుగా ఇవాళ తింటున్న అన్నం ఒకరకంగా అక్కడ ఉడికిందే.

ఒకరోజు నేనే అడిగాను, నీకేది నచ్చింది నాయినా, కొట్టుకునేదా, ఊరికే కూర్చునేదా అని. ఆయన నేల మీది రెండు ముక్కలు చూపించాడు. ఒకటి పాలిష్ పట్టిన నీలం రాయి. ఇంకోటి పట్టనిది, గరుకుది. "గిది లోపటికి. గిది వాకిట్లకు. వాకిట్ల పాలిష్ది ఏస్తే ఆనకాలం జారి పడి నడుం ఇరగ్గొట్టుకుంటరు. లోపట గరుకుది ఏస్తే పసిపిల్ల మోకాళ్ళు గీసుకపోతయి. ఇంటికి రెండు గావాలె. ఏది మంచిదంటే ఏం చెప్త?" అన్నాడు. అనిమే గురించి తర్వాత ఎంతోమంది పొడుగు పొడుగు వాదనలు రాయగా చదివాను. ఏది గొప్ప, ఏది చెత్త, మొదటి పదిలో ఏవేవి అని. అవన్నీ చదువుతుంటే నాకు చిరాకొస్తుంది. బండ అంటే ఒకటే రాయి అనుకునేవాళ్ళకు తాండూరులో పనిలేనట్టే, అనిమే అంటే ఒకటే బొమ్మ అనుకునేవాళ్ళతో నాకు మాటలేదు.

ఆ ఎండాకాలంలోనే గొడుగుల కథ వచ్చింది. ఎప్పుడూ వాన పడే ఒక కొండ ఊళ్ళో ఒకామె గొడుగులు బాగుచేస్తుంటుంది. చిన్న దుకాణం, ఒక టేబుల్, ఒక దీపం. ఒక్కో భాగంలో ఒక్కో గొడుగు వస్తుంది, దాని వెనక దాని మనిషి వస్తాడు. విరిగిన పుల్ల సరిచేసేలోపు ఆ మనిషి తన సంగతి కొంచెం చెప్పుకుంటాడు, కొంచెం దాచుకుంటాడు, వాన తగ్గాక పోతాడు. అంతే కథ. కొట్లాట లేదు, ప్రేమ లేదు, శత్రువు లేడు. గోడకు మేకు మీద ఒక నీలం గొడుగు మాత్రం మొదటి భాగం నుంచీ వేలాడుతూ ఉంటుంది. అది బాగైపోయింది, దాన్ని తీసుకుపోవడానికి ఎవరూ రారు. బయట తాండూరు ఎండ రేకులను పెనంలా కాలుస్తుంటే లోపల మేమిద్దరం ఆ వానలో కూర్చునేవాళ్ళం. నాయినకు అది ఎంత నచ్చిందంటే, ఇంటికి రాగానే స్నానానికి కూడా పోకముందే ఒక పిడికిలి నిలబెట్టి దాని మీద రెండో అరచెయ్యి విప్పేవాడు. గొడుగు. అది మా ఇద్దరి సైగ అనుకున్నాను. పన్నెండు భాగాలు నాలుగు సీడీల్లో వచ్చాయి. పదమూడోది, ఆఖరిది, దిగలేదు. "జర ఆగు చెల్లే, వస్తది" అని చంద్రన్న వాయిదాలు వేస్తూ పోయాడు. ఆ సెలవులన్నీ నాయిన గొడుగు సైగ చేసి కనుబొమ్మలు ఎగరేయడం, నేను ఇంకా రాలేదని చెయ్యి ఊపడం.

అది రాకుండానే చంద్రన్న సెంటరు మూతపడింది, నా ఇంటర్ అయింది, డిగ్రీకని వికారాబాద్ హాస్టల్‌కు వచ్చేశాను. గదిలో నలుగురం. మొదటి వారమే నేను బొమ్మల సంగతి ఎత్తితే ముగ్గురూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. "ఇంత పెద్దగైనవ్, ఇంక కార్టూన్లు చూస్తవా?" అన్నది ఒకామె. అది పెద్ద మాటేం కాదు. కానీ ఆ తర్వాత నేను ఆ ఊసు ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఒక మధ్యాహ్నం కాలేజీ ఎగ్గొట్టి ఒక్కదాన్నే ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని ఆ పదమూడో భాగం వెతికి పట్టుకుని చూసేశాను. చూస్తుంటే నాయిన గుర్తుకురాలేదా అంటే వచ్చాడు. సీడీలోకి ఎక్కించుకుని ఇంటికి పట్టుకుపోవచ్చు కదా అంటే పోవచ్చు. కానీ ఆ ముగింపు నాకు నచ్చలేదు. ఇన్నాళ్ళూ ఊరించి, ఆ గొడుగు ఎవరిదో చెప్పకుండానే ముగించేశారు. పైగా అప్పటికి నాకొక అనుమానం పట్టుకుంది. చెవులు వినబడని మనిషి, భాష రాని మనిషి, ఈ బొమ్మలు ఎందుకు చూస్తాడు? నా కోసం కూర్చుంటున్నాడు పాపం, అలిసిపోయి వచ్చి నా ముచ్చట తీర్చడానికి ఓపిక పడుతున్నాడు అనుకున్నాను. ఆ వయసులో అలా అనుకోవడం నాకు పెద్దరికంగా అనిపించింది.

దసరాకు ఇంటికి పోయినప్పుడు ఆయన వాకిట్లోనే ఉన్నాడు. నేను సంచి దించకముందే పిడికిలి మీద అరచెయ్యి విప్పి, కనుబొమ్మలెగరేశాడు. నేను చెప్పులు విప్పుతూ, "అది అయిపోయింది నాయినా. ఏం లేదు దాంట్ల" అన్నాను. ఎదురుగా నిలబడి కూడా చెప్పలేదు. కానీ ఆయనకు అర్థమైంది. తలూపాడు. లోపలికొచ్చి గోడకానుకునే ముందు నేలను అరచేత్తో తుడిచాడు. ఆ తర్వాత ఆయన బతికున్నన్నాళ్ళూ ఎన్నడూ ఆ సైగ చేయలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు నా దగ్గర అన్నీ ఉన్నాయి. వేలితో తాకితే ఫోన్‌లో వందల కథలు, చక్కటి అక్షరాలతో, కొన్ని తెలుగు మాటలతో కూడా. మా స్కూల్లో పిల్లల సంచుల మీద ఆ బొమ్మలే. ఆ మధ్య తొమ్మిదో తరగతి అమ్మాయొకతె నా ఫోన్ చూసి, "మేడం, మీరు అనిమే చూస్తరా! మీకు మస్తు ఇష్టమైనదేంది?" అని గంతులేసింది. ఇరవై ఏళ్ళలో నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆ పిల్ల. గొడుగుల కథ చెప్పాను. "ఫైట్ ఉండదా మేడం? మరేముంటది?" అంది. వాన ఉంటుంది అన్నాను. పాపం, మర్యాదగా తలూపి వెళ్ళిపోయింది. నాకు ఒంటరిగానే ఉంటుంది, దాచేదేం లేదు. సాయంత్రం వంట చేసుకుని, పళ్ళెం ముందు ఫోన్ నిలబెట్టుకుని చూస్తాను. మంచి చోటొస్తే పక్కకు తిరుగుతాను. పక్కన గోడ ఉంటుంది. ఆ గొడుగుల కథ కూడా ఫోన్‌లో ఉంది. దాచుకున్నానే గానీ మళ్ళీ తెరవలేదు. నాకిష్టమైనవి నాకు తప్ప ఈ రెండూళ్ళలో ఎవరికీ పట్టవని, పట్టినట్టు కనబడ్డ ఒక్క మనిషీ నా కోసమే ఓర్చుకున్నాడని, అదే లెక్కలో ఇన్నేళ్ళూ బతికాను.

తాండూరు స్టేషన్లో దిగి ఆటోలో యూనిట్‌కు పోయేసరికి ఒంటిగంట కావస్తోంది. రోడ్డుకిరువైపులా తెల్ల దుమ్ము, బండల వరసలు, అదే మోత. గేటు దగ్గర కుర్చీలో ఒక ముసలాయన కూర్చున్నాడు. మొగులప్ప కాక. నాయిన పక్క మిషన్ ఆయనది, పాతికేళ్ళు ఇద్దరూ పక్కపక్కన నిలబడి పనిచేశారు. చేతులు వణకడం మొదలయ్యాక మిషన్ మీద నుంచి తీసి గేటు దగ్గర కూర్చోబెట్టారట. ఈయనకూ చెవులు పోయాయి. కర్ణాటక వైపు మనిషి, మాటలో కన్నడం కలుస్తుంది. నన్ను ఎగాదిగా చూసి, గుర్తుపట్టి, "బా అమ్మా, బా" అని కుర్చీ లాగి వేశాడు. నాయిన సంగతి, అమ్మ సంగతి మాట్లాడాడు. కొలతల చీటీ చూపిస్తే దాన్ని లోపలికి పంపాడు. ఇంతలో భోజనాలకని మిషన్లు ఆపారు. మోత ఆగాక ఆ షెడ్డులో చెవులు గుయ్యిమంటాయి. మొగులప్ప కాక టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని, మూత తీయబోయి ఆగాడు. నా వైపు చూసి ఒక పిడికిలి నిలబెట్టాడు. దాని మీద వణికే అరచెయ్యిని నెమ్మదిగా విప్పాడు.

నేను ఆ చేతులనే చూస్తుంటే అర్థం కాలేదనుకున్నాడేమో, నోటితో అడిగాడు. "గా నీలం గొడ్గు ఎవల్ది బిడ్డా?"

"కాకా, నీకెట్ల ఎరుక గది?" అన్నాను. ఎదురుగా వచ్చి నిలబడి, నోటికి చేతుల సైగలు కూడా కలిపి అడిగాను.

"ఎర్కలేకేంది? మీ నాయిన రోజు చెప్తుండె గద. మిషన్ నడుపుకుంట ఒక చెయ్యితోని, తిండికాడ రెండు చేతులతోని. గొడ్గులామె కత, అన్నం వండే ముసలోని కత, ఉరికే పిల్లల కత. మేం ఆరేడుగురం ఉంటుంటిమి. ఒకదినం ఆయిన నాగా వెడితె మాకు తోచకపోతుండె." కాక కళ్ళు చిన్నవి చేసి గుర్తు చేసుకున్నాడు. "కొట్టుకునేటియి గూడ చెప్తుండె గని, గవి మాకు వద్దంటిమి. ఈడ మోత చాలదా? గొడ్గులామె కతే చెప్పు అంటుంటిమి."

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఈ ఊళ్ళో నెమ్మది కథలు నచ్చేది నా ఒక్కదానికే అనుకున్న రోజుల్లో, తెల్ల దుమ్ములో ఆరేడుగురు మనుషులు సద్దన్నం ముందు కూర్చుని, మాట వినబడని చోట, మాట లేని వాన కథ చూస్తున్నారు. నాయిన చేతుల్లో చూస్తున్నారు. ఆయన నా కోసం ఓర్చుకున్నదేం లేదు. మర్నాడు చెప్పడానికి ఏరుకుని పోతున్నాడు.

"ఆఖరుది మాత్రం చెప్పలేదు," అన్నాడు కాక. "దసర పోయినంక అడిగితిమి. బిడ్డ వచ్చె గదా, చూసినవా అని. లే, నా బిడ్డ ఇంక చూడలే అన్నడు. నేను లేకుంట అది చూడదు, ఇద్దరం కల్సి చూస్తం అన్నడు. మల్ల అడిగినప్పుడల్ల గదే మాట. కడకు పక్క మీద ఉన్నప్పుడు చూడనీకె పోయి నేను నగుకుంట అడిగిన, ఏమయ్యె నీ గొడ్గు అని. చూడలే, బిడ్డకు తీరిక లేదు అన్నడు."

షెడ్డులో ఎవరో నీళ్ళ డ్రమ్ములో చేతులు కడుక్కుంటున్నారు. అయిపోయింది, ఏం లేదు దాంట్ల అని నేను చెప్పులు విప్పుతూ అన్న మాటను ఆ మనిషి ఒక్కరికీ చెప్పలేదు. తనకు మూసేసిన తలుపును బయటివాళ్ళకు కనబడకుండా వీపు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

"చూసినవా మరి నువ్వు?" అని అడిగాడు కాక.

"లేదు కాకా," అన్నాను. "ఇంక చూడలే." అబద్ధమే. కానీ నాయిన మాట నిలబెట్టడానికి నా దగ్గర మిగిలింది అదొక్కటే. "ఇప్పుడు చూద్దాం," అని ఫోన్ తీశాను. డబ్బాకు ఆనించి నిలబెట్టాను. ఇంకో ఇద్దరు ముసలివాళ్ళు, నాయినతో పనిచేసినవాళ్ళే, కాక సైగ చేస్తే వచ్చి వెనక కూర్చున్నారు. శబ్దం పూర్తిగా తగ్గించేశాను. కింద పడే అక్షరాలు కూడా తీసేశాను. వాళ్ళకు లేనిది నాకెందుకు అనిపించింది.

అలా నేను ఎప్పుడూ చూడలేదు. ఎప్పుడూ నా కళ్ళు తెర అడుగున ఇంగ్లిషు మీదే ఉండేవి. ఇప్పుడు చదవడానికేం లేదు కాబట్టి ఆమెనే చూశాను. పొద్దున్నే దుకాణం తలుపు తీస్తుంది. దీపం వెలిగిస్తుంది. గోడ దగ్గరికి పోయి, మేకుకు వేలాడే నీలం గొడుగు మీది దుమ్మును అరచేత్తో, పై నుంచి కిందికి, నెమ్మదిగా తుడుస్తుంది. తర్వాతే కూర్చుంటుంది. కాక నా భుజం తట్టి తన చేత్తో గాల్లో అదే తుడుపు తుడిచి చూపించాడు. "మీ నాయిన రోజు కత గిక్కణ్ణుంచే మొదలువెడుతుండె. ముందుగాల దుమ్ము తుడుసుడు. గటెంక మిగతాది." పన్నెండు భాగాలు ఆయన పక్కన కూర్చుని చూశాను. ఆమె రోజూ అలా తుడుస్తుందని నాకు తెలియనే తెలియదు. కింద అక్షరాల్లో అది రాసి లేదు మరి.

ఆఖరున వాన ఆగుతుంది. ఆ ఊరికి మొదటిసారి ఎండ వస్తుంది. గొడుగు కోసం ఎవరూ రారు. ఆమె దాన్ని మేకు మీది నుంచి తీసి, విప్పి, వేసుకుని, ఎండలోకి నడిచిపోతుంది. తెర నల్లబడింది. నేను కాక వైపు తిరిగి, పదిహేడేళ్ళ వయసప్పటి కోపం కొంచెం గొంతులోకి వస్తుంటే, "చూసినవా, ఎవల్దో చెప్పనే లేదు" అన్నాను.

కాక నన్ను వింతగా చూశాడు. టీచరమ్మకు ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. "చెప్పేదేముంది బిడ్డా? గన్ని దినాలు దుమ్ము తుడిచింది ఎవలు? ఆమెదే గద," అన్నాడు. డబ్బా మూత తీసి రొట్టె తుంచాడు.

మిషన్లు మళ్ళీ మొదలయ్యాయి. ఆ మోతలో, భోజనం ముగించుకుని లోపలికి పోతున్న వాళ్ళకు మొగులప్ప కాక గేటు దగ్గర్నుంచే చేతులతో ముగింపు చెప్తున్నాడు. పిడికిలి, విప్పిన అరచెయ్యి, ఎండ, నడక. నా బండ వచ్చింది. పాలిష్ పట్టిన నీలం రాయి, కొలతకు సరిగ్గా. గోనెపట్టాలో చుట్టి ఇచ్చారు. మోయలేనంత బరువేం కాదు గానీ, గేటు పక్కన నేల మీద దాన్ని దించి, ఆటో వచ్చేదాకా దాని పక్కనే కూర్చున్నాను. గోనె తప్పించి రాయి మీద అరచెయ్యి పెట్టి ఒకసారి తుడిచాను. నాయినకు కథలు చెప్పానని ఇన్నేళ్ళు నేను గర్వపడ్డాను. ఆయన్ను అడిగి ఉంటే ఆ గొడుగు ఎవరిదో మొదటి భాగంలోనే చెప్పి ఉండేవాడు. నాకేది నచ్చిందో ఆయనకు చెప్పాను, కింద ఏం రాశారో చెప్పాను, నాకు తోచినవన్నీ చెప్పాను. నీకేం కనబడింది నాయినా అని మాత్రం ఒక్కసారీ అడగలేదు.